పోర్ట్‌లాండ్‌లో చూసిన నాచు పూలమొక్క విశాఖ వాకిట్లో పెరుగుతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ. కిందటి వేసవిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, వాళ్ల వాకిట్లో నడకరాళ్ల సందుల్లో పచ్చగా నాచులా పరుచుకుని, పైన తెల్లటి చుక్కల్లాంటి పూలు పూసిన ఒక మొక్కను చూశాను. తిరిగి వచ్చాక ఇక్కడ ఒక నర్సరీలో ఫోన్‌లోని ఫొటో చూపిస్తే “ఇదేనమ్మా” అంటూ ఒక ట్రే ఇచ్చారు. వరండా పక్కన నాటినవి గుబురుగా పెరిగాయి గానీ ఒక్క తెల్లపువ్వు కూడా పూయలేదు. గేటు దగ్గర నాటినవి వారంలోనే మాడిపోయాయి. రెండింటి ఫొటోలూ పంపుతున్నాను. ఇవి రెండూ ఒకటేనా? కాకపోతే అమ్మాయి చేత విత్తనాలు తెప్పించుకోవచ్చా? మా గేటు నుంచి వరండా వరకు పరిచిన కడప బండల సందుల్లో ఏది పెంచితే బాగుంటుంది? రెండేళ్ల మనవడు చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

సమాధానం: మీరు పంపిన రెండు ఫొటోల్లో ఉన్నవి వేర్వేరు మొక్కలు, వాటి మధ్య దూరపు చుట్టరికం కూడా లేదు. పోర్ట్‌లాండ్ ఫొటోలోనిది సాజైనా సబ్యులేటా. అక్కడి నర్సరీలవారు దీనిని ఐరిష్ మాస్ అనే పేరుతో అమ్ముతారు. మీకు ఇక్కడ ట్రేలో ఇచ్చినది పైలియా మైక్రోఫిల్లా, అంటే ఆర్టిలరీ ప్లాంట్. మొదటిది విశాఖ వేసవిని దాటదు. రెండవది మీ ఇంట్లో హాయిగా బతుకుతుంది గానీ, ఎన్నాళ్లు ఎదురుచూసినా దానికి తెల్లపూలు రావు. నర్సరీవారిని మరీ తప్పుపట్టనక్కరలేదు. ఫోన్ తెర మీద బొటనవేలంత కనిపించే పచ్చని బొమ్మను చూసి, మొక్కను చేతిలోకి తీసుకోకుండా, ఈ జాతి మొక్కలని పోల్చడం అలవాటైన వారికి కూడా కష్టమే.

ముందుగా ఒక సంగతి తేల్చుకుంటే మిగిలినదంతా సులువవుతుంది. అసలైన నాచుకు పువ్వులు ఉండవు, గింజలు ఉండవు, నిజమైన వేళ్లు కూడా ఉండవు. వానాకాలంలో ప్రహరీగోడ మీద పెరిగే నాచును దగ్గరగా చూస్తే వెంట్రుకంత సన్నని కాడల చివర గోధుమరంగు తిత్తులు కనిపిస్తాయి. వాటిలో ఉండేవి సిద్ధబీజాలే తప్ప, చాలామంది అనుకునేటట్లు అవి మొగ్గలు కావు. కనుక నాచులా కనిపించేది పువ్వు పూసిందంటే, అది నేలకు అంటుకుని దట్టంగా పెరిగే పూలమొక్క అన్నమాట. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో కుటుంబాల మొక్కలు ఈ విధంగా పెరుగుతాయి. అందువల్ల దూరం నుంచి కనిపించే పచ్చదనాన్ని బట్టి పేరు చెప్పకూడదు. ఆకు ఆకారం, ఆకులు కాడకు అమరిన తీరు, పువ్వు కాడ పొడవు, తుంచినప్పుడు కారే రసం, ఈ నాలుగూ చూడాలి.

మీ మొదటి ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆకులు సూదుల్లా ఉన్నాయి. సాజైనా ఆకు సెంటీమీటరు పొడవు కూడా ఉండదు, చివర చిన్న ముల్లులాంటి మొన ఉంటుంది, ఎదురెదురుగా ఉన్న రెండు ఆకులూ మొదట్లో కలిసిపోయి కాడను చుట్టి ఉంటాయి. పువ్వుకు అయిదు తెల్లని రేకులు. పువ్వు మొత్తం అడ్డంగా కొలిస్తే అర సెంటీమీటరుకు అటూఇటూ. ప్రతి పువ్వూ రెండు మూడు సెంటీమీటర్ల సన్నని కాడ మీద విడిగా నిలబడుతుంది. ఆ విడిగా నిలబడటమే ముఖ్యమైన గుర్తు, ఎందుకంటే ఐరిష్ మాస్ అనే పేరుతోనే మినువార్షియా వెర్నా అనే మరొక మొక్కను కూడా అక్కడ అమ్ముతారు, దాని పూలు కాడ చివర చిన్న గుత్తిగా వస్తాయి. సాజైనా యూరప్ ఖండపు మొక్క, కార్నేషన్ పూల కుటుంబానికి చెందినది. అందులోనే ఆకులు పసుపు కలిసిన లేత రంగులో ఉండే రకాన్ని స్కాచ్ మాస్ అంటారు.

రెండవ ఫొటోలోని ఆకులు సూదులు కావు. కోలగా, ఆవగింజ కంటే కొంచెం పెద్దవిగా, కాస్త దళసరిగా ఉన్నాయి. ఒక చిన్న కొమ్మను తుంచి వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. కాడ నీళ్లు నిండినట్లు పారదర్శకంగా కనిపిస్తుంది, వంచితే చిట్లుతుంది. ఎదురెదురుగా ఉన్న ప్రతి జత ఆకుల్లోనూ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పైలియాను పోల్చుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. ఇది ఉష్ణ అమెరికా, వెస్టిండీస్ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడి నర్సరీ కుండీల్లోనూ, తడిగోడల పగుళ్లలోనూ స్థిరపడిపోయిన మొక్క. దీనికి పూలు లేవని మీరు అన్నారు గానీ, బహుశా ఇప్పటికే ఉండి ఉంటాయి. ఆకుల మొదట్లో ఆకుపచ్చ, గులాబీ కలిసిన చుక్కలు కనిపిస్తే అవే పూలు, ఒక్కొక్కటి గుండుసూది తలకంటే కూడా చిన్నది. ఉదయం ఎండ తగిలే వేళ దాని మీద నీళ్లు చిలకరించి ఒకటి రెండు నిమిషాలు ఓపికగా చూస్తే, మొగ్గలు చిట్లి పుప్పొడి చిన్న పొగలా ఎగిరిపడుతుంది. ఆర్టిలరీ అన్న పేరు అందుకే వచ్చింది. మీ మనవడికి ఈ తమాషా తప్పకుండా నచ్చుతుంది.

ఇవే సందుల్లో పిలవకుండా వచ్చే మరొక మొక్క గురించి ఇక్కడే హెచ్చరించాలి. బండల మధ్య నేలకు అతుక్కుని, ఎర్రని కాడలతో, చిట్టి ఆకులతో చాపలా పరుచుకునేది కనిపిస్తే ఒక కాడను తుంచి చూడండి. తెల్లని పాలు కారితే అది నానబాలు జాతి. ఆ పాలు చర్మం మీద మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే మరీ ప్రమాదం. మీ ఇంట్లో పసివాడు ఉన్నాడు కనుక దానిని అందంగా ఉందని ఉంచుకోవద్దు. వేలికి గుడ్డ చుట్టుకుని వేరుతో సహా తీసివేయండి.

ఇక విత్తనాల సంగతి. విదేశాల నుంచి విత్తనాలను గాని మొక్కలను గాని దేశంలోకి తేవడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశపు అధికారులు ఇచ్చే తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం ఉండాలి. సామాన్లలో ఒక పొట్లం పడేసి తేవడం, కవరులో పెట్టి పంపించడం చట్టసమ్మతం కాదు. మట్టితో కూడిన మొక్కను తేవడం అసలే కూడదు. ఒకవేళ ఈ చిక్కులేవీ లేకపోయినా నేను వద్దనే చెబుతాను. పోర్ట్‌లాండ్‌లో నడివేసవిలో కూడా రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. మన దగ్గర మే నెల రాత్రుల్లో అది సాధారణంగా 27, 28 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, దానికి సముద్రపు తేమ తోడు. సాజైనా గడ్డకట్టే చలిని తట్టుకోగలదు గానీ చల్లబడని రాత్రిని తట్టుకోలేదు. పగలు తయారుచేసుకున్న ఆహారమంతా రాత్రి శ్వాసక్రియకే ఖర్చయిపోయి మొక్క నీరసిస్తుంది, ఆ నీరసం మీద కుళ్లు తెగులు సోకి, గుబురు మధ్య నుంచి గోధుమరంగుకు తిరిగి, నాలుగు రోజుల్లో మొత్తం జావగా మారుతుంది. నవంబరులో చల్లితే మొలకలు రావచ్చు, కానీ మార్చి దాటాక అవి నిలబడవు. దాని మీద పెట్టే శ్రమను ఇక్కడి మొక్కల మీద పెట్టడమే నయం.

మీరు మీ దారి మొత్తాన్ని ఒకే చోటుగా చూస్తున్నారు. మొక్క కళ్లతో చూస్తే అది కనీసం మూడు చోట్లు. వరండా పక్కన పైలియా బాగుండి, గేటు దగ్గర అదే పైలియా మాడిపోవడానికి కారణం మొక్క కాదు, బండ. కడప బండ నల్లటి సున్నపురాయి. మధ్యాహ్నపు ఎండలో అది పీల్చుకున్న వేడిని పొద్దుపోయే వరకు పక్కనున్న మట్టికి వదులుతూనే ఉంటుంది, దానితో సందులోని రెండంగుళాల మట్టి పెనం మీద ఉన్నట్లే ఉంటుంది. నీళ్లు నిండిన పల్చని కాడలున్న పైలియాకు ఆ వేడి మరణమే. కనుక ఏ మొక్క అన్నది నిర్ణయించే ముందు, సెలవురోజు ఉదయం ఎనిమిది గంటలకు, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి ఒక్కొక్కసారి వాకిట్లోకి వచ్చి, నీడ ఏ బండ దాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీతలే మీకు తోట పటం.

పన్నెండు గంటలకు కూడా నీడలో ఉండే భాగంలో పైలియానే ఉంచండి. నిజానికి నాచు అందం కోరుకునేవారికి మన కోస్తాలో ఇంతకంటే దగ్గరగా వచ్చే మొక్క మరొకటి లేదని నా అభిప్రాయం. పువ్వు కనిపించకపోవడం ఒక్కటే లోపం. అది కాలి కింద పడితే చితికిపోతుంది కనుక అడుగు పడే చోట వద్దు, బండ అంచుల వెంబడి మాత్రమే పెంచండి. జానెడు ఎత్తుకు లేచి కింద కాడలు బోసిగా కనిపించడం మొదలుకాగానే కత్తెరతో రెండంగుళాల ఎత్తుకు కత్తిరించండి. కత్తిరించిన కొమ్మలను పారవేయకుండా తడిమట్టి మీద పరిచి కొద్దిగా అదిమితే అవే వేళ్లు పోసుకుంటాయి.

పగలు అయిదారు గంటలు ఎండ పడే గేటు వైపుకు నేను సూచించేది సన్నపాయల. మార్కెట్లో కూరగా కట్టలు కట్టి అమ్మే పెద్ద పాయలకు ఇది చెల్లెలు వంటిది; ఆకు సెంటీమీటరుకు మించదు, కాడ దారంలా సన్నగా, కాస్త ఎర్రగా ఉండి ప్రతి కణుపు దగ్గరా నేలలో వేరు దించుతూ పాకుతుంది. కణుపుల దగ్గర సన్నని తెల్లని నూగు ఉంటుంది. మన పేవ్‌మెంట్ల పగుళ్లలో, ఎర్రమట్టి గట్ల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే ఇది చాపలా పెరుగుతుంది. ఎండ ఎక్కాక నాలుగు రేకుల పసుపు పూలు విచ్చుకుంటాయి, మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుంటాయి. నర్సరీలో దీనిని అడిగితే నవ్వుతారేమో, కలుపు మొక్కని డబ్బులిచ్చి కొనేవారు లేరు గదా. ఖాళీ స్థలంలో కనిపించిన చోట నాలుగు కాడలు తుంచి తెచ్చుకోండి, కానీ మురుగుకాలువ పక్కనున్నవి వద్దు.

పసుపు రంగు మీకు నచ్చకపోతే అదే ఎండలో గడ్డి గులాబి, అంటే నర్సరీలవారు టేబుల్ రోజ్ అనేది, తెల్లరంగు ఒంటిరేకుల రకం అడిగి తీసుకోండి. పువ్వు మీరు కోరుకున్న దానికంటే చాలా పెద్దది, ఆకుల గుబురు కూడా నాచంత దట్టంగా రాదు. వరుసగా ముసురు పట్టినప్పుడు కాడలు కుళ్లిపోతాయి కనుక, ఆగస్టులోనే పది కొమ్మలు తుంచి చూరు కింద ఒక కుండీలో దాచుకోవడం మంచి పద్ధతి.

మీ మనసులో ఉన్న అయిదు రేకుల తెల్లపువ్వు కావాలంటే మాత్రం కుళాయి దగ్గర ఎప్పుడూ తడిగా ఉండే మూలను వాడుకోవాలి. అక్కడ సంబ్రాణి ఆకు మొక్క, శాస్త్రీయ నామం బకోపా మొన్నియేరి, చక్కగా పరుచుకుంటుంది. నర్సరీలో బ్రాహ్మి అని అడిగితే ఒక్కొక్కసారి గుండ్రటి ఆకుల సరస్వతి ఆకును ఇస్తారు. మీకు కావలసినది చిన్న గరిటె ఆకారంలో, దళసరిగా, ఎదురెదురుగా ఆకులుండే పాకుడు మొక్క. పువ్వు తెలుపులో కొద్దిగా ఊదారంగు కలిసి, సెంటీమీటరు వెడల్పున ఉంటుంది. చెరువు గట్ల బురదలో పెరిగే జాతి కనుక దీనికి నీళ్లు నిలిచినా బాధ లేదు, కొద్దిపాటి ఉప్పు నీటిని కూడా సహిస్తుంది, సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ఇంటికి అది పెద్ద సుగుణం. రోజుకు మూడు గంటలైనా ఎండ తగలకపోతే పూలు తగ్గిపోతాయి.

ఎంత తొక్కినా చావని నేలమొక్క అంటూ చాలామంది బొక్కెనాకును సిఫారసు చేస్తారు. అది నిజమే. ఇసుకనేల, ఉప్పుగాలి, కాలి తాకిడి, అన్నిటినీ అది భరిస్తుంది, తెలుపు, లేత ఊదా కలిసిన చిన్న బొడిపెల్లాంటి పూలు ఏడాదిలో చాలాకాలం పూస్తుంది. కానీ ఆ పూల మీద తేనెటీగలు ఎప్పుడూ వాలి ఉంటాయి. వట్టికాళ్లతో పరుగెత్తే రెండేళ్ల పిల్లవాడున్న వాకిట్లో నేనైతే ఇప్పుడప్పుడే దానిని వేయను.

నాటే పద్ధతిలో ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది సందును శుభ్రం చేయడం. బండలు పరిచినప్పుడు కారిన సిమెంటు పాలు సందుల్లో గట్టిపడి ఉంటాయి. పైన మట్టి చల్లి మొక్క పెడితే వేరు అంగుళం దిగి ఆగిపోతుంది. పాత స్క్రూడ్రైవరుతోనో, సన్న గునపంతోనో మూడంగుళాల లోతు వరకు గీకి, పెళ్లలన్నీ ఏరివేసి, బాగా నీళ్లు కొట్టి కడగండి. ఆ తరువాత రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు చివికిన ఆకుల ఎరువు కలిపి, బండ పైభాగానికి అర అంగుళం కిందకు వచ్చేటట్లు నింపాలి. ఆ అర అంగుళం వదలకపోతే మొదటి పెద్దవానకే మట్టి వరండాలోకి వస్తుంది. బీచ్ ఇసుకను మాత్రం వాడవద్దు, ఎంత కడిగినా ఉప్పు మిగులుతుంది. సన్నపాయలకు నాటే చోట ఎరువును సగానికి తగ్గించి ఇసుకను పెంచండి. సంబ్రాణి ఆకుకు ఇసుక లేకపోయినా ఫరవాలేదు. కొమ్మలు వేలెడు పొడవు ఉంటే చాలు, కింది ఆకులు తీసి, అంగుళం లోతున, బెత్తెడు దూరంలో ఒక్కొక్కటి గుచ్చి, చుట్టూ మట్టిని వేళ్లతో గట్టిగా అదమాలి. నైరుతి వానలు నిలదొక్కుకున్న జూలై, ఆగస్టు నెలలు ఈ పనికి అనువైనవి. అక్టోబరు వచ్చేసరికి వేళ్లు పట్టి ఉంటే వాయుగుండాల వానలకు మట్టి కొట్టుకుపోదు. ఏప్రిల్, మే నెలల్లో ఏదీ నాటవద్దు.

నీటి విషయంలో విశాఖవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది బోరు గురించి. సముద్రానికి దగ్గరగా ఉన్న బోర్లలో చాలాచోట్ల నీరు ఉప్పగా ఉంటుంది, అది పోసినకొద్దీ మట్టి మీద తెల్లని పొర కట్టి, పైలియా ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. మీ కుండీల అంచున అటువంటి తెల్లపొర ఉంటే పైలియాకు ఆ నీరు మానివేయండి. కుళాయి నీళ్లు పోయవచ్చు. అంతకంటే సులువైన మార్గం, ఏసీ గొట్టం నుంచి కారే నీటిని బకెట్టులో పట్టి వాడుకోవడం. గాలిలోని తేమ చల్లబడి నీరుగా మారినది కనుక అందులో లవణాలు దాదాపుగా ఉండవు. బకెట్టును ఏ రోజుకు ఆ రోజు ఖాళీ చేయకపోతే దోమలు గుడ్లు పెడతాయని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. గొట్టంతో ధారగా కొట్టకుండా, సన్నని రంధ్రాల డబ్బాతో ఉదయం పూట చిలకరించండి. పైలియాకు మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి గానీ బురద కాకూడదు. సన్నపాయలకు వేళ్లు పట్టాక వాన లేని కాలంలో వారానికి రెండుసార్లు చాలు.

రసాయనపు ఎరువులు ఈ మొక్కల్లో దేనికీ అవసరం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పిడికెడు వర్మికంపోస్టు సందుల వెంట చల్లితే సరిపోతుంది.

మీ మనవడి విషయంలో నా జాగ్రత్త మొక్కల కంటే మందుల గురించే ఎక్కువ. పైలియా విషపు మొక్క కాదు. సన్నపాయల, సంబ్రాణి ఆకు రెండూ మన పెద్దలు తినేవే, అయితే దుమ్ము, చెప్పుల మట్టి పడే దారిలోని ఆకును ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు. వానాకాలంలో ఈ తడి గుబుర్లలోకి నత్తలు చేరతాయి. వాటి కోసం దుకాణాల్లో దొరికే మెటాల్డిహైడ్ గుళికలు పిల్లలకూ, కుక్కలకూ విషం. చూడటానికి తినుబండారంలా ఉంటాయి కూడా. వాటిని ఇంట్లోకే తేవద్దు. చీకటి పడ్డాక టార్చితో వెళ్లి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని నత్తలను ఏరి ఉప్పునీళ్ల డబ్బాలో వేయడమే మంచిది. గడ్డి గులాబికి పిండినల్లి పట్టినా మందు కొట్టకుండా ఆ కొమ్మను తుంచి పారవేయండి.

ఇప్పుడు మీ దగ్గర మిగిలి ఉన్న పైలియాలో సగాన్ని ఈ వారమే కత్తిరించి, నీడగీతకు వరండా వైపునున్న బండల అంచుల్లో నాటండి. గేటు దగ్గర మాడిపోయిన వాటిని తీసివేసి, ఆ సందులను గీకి కడిగి సిద్ధంగా ఉంచుకుంటే, సన్నపాయల కాడలు దొరికిన రోజున వెంటనే గుచ్చవచ్చు. తెచ్చిన కాడల్లో దేనినైనా తుంచితే పాలు కారిందంటే మాత్రం దానిని నాటకుండా పక్కన పడేయండి. ఖాళీ స్థలాల్లో సన్నపాయల, నానబాలు తరచుగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెరుగుతాయి.